బదులక్కకు ఒక కుర్చీ

మా ఫ్యాక్టరీలో మధ్యాహ్నం భోజనాల గంట కొడితే క్యాంటీన్లోకి పెళ్ళివారు దిగినట్టే ఉంటుంది. పళ్ళేల చప్పుడు, కుర్చీల లాగుడు, "పెద్దమ్మా, కూర అయిపోయిందా?" అని ఒకడు, "పెద్దమ్మా, వాడికి ఎక్కువ వేశావు" అని ఇంకొకడు. ఆ పెద్దమ్మను నేనే. ఎవరి కడుపు ఎంతో, ఎవరి నోరు ఎంతో నాకు తెలిసినంత వాళ్ళ పెళ్ళాలకు కూడా తెలియదు. ఆ గోలంతా సద్దుమణిగి, బల్లలు తుడిచేసి, నేను గిన్నెలు తోముకునే వేళకు ఒక మనిషి వచ్చేది. మూత పెట్టి ఉంచిన పళ్ళెం తీసుకుని, ఇంకా తడి ఆరని బల్ల దగ్గర కూర్చుని, నా వీపుతో కబుర్లు చెబుతూ తినేది. ఫ్యాక్టరీ అంతా ఆమెను బదులక్క అనేది. మేమిద్దరం మాత్రం ఒకరినొకరం వదినా అని పిలుచుకునేవాళ్ళం. నాకు అన్నలు లేరు, ఆమెకు మొగుడు లేడు, అయినా వదినలమే.

బదులక్క అన్న పేరు ఎలా వచ్చిందో చెప్పాలి. మాది కళ్ళద్దాల ఫ్యాక్టరీ. కింది హాల్లో మిషన్ల మీద నీళ్ళు కారుతుండగా గాజు బిళ్ళలు అరగదీస్తారు. సాయంత్రానికి అందరి చేతులూ సున్నం కొట్టినట్టు తెల్లగా అవుతాయి. ఆమె మొదట్లో ఆ హాల్లోనే పాలిష్ పని చేసేది. అప్పుడు ఆమెకొక మిషనూ, ఒక స్టూలూ ఉండేవి. పక్క మిషన్ మనిషితో నవ్వులూ ఉండేవి. ఇంతలో పెద్ద మేడమ్ పగ్గాలు పట్టింది. ఓనరు గారి కూతురు. బాగా చదువుకుంది, మనసు మంచిది, మాట మెత్తన. అందరినీ పిలిచి నిలబెట్టి, "మనుషులు ఎదిగితేనే సంస్థ ఎదుగుతుంది" అంది. ఇకనుంచి వారానికి ఒక గంట ఎవరిది వాళ్ళదే. పనివేళల్లోనే, జీతం కోయకుండా. మేడమీది హాలుకు మాస్టర్లు వస్తారు. లెక్కలో, కంప్యూటరో, పరాయి భాషో, పాటో, ఎవరికి ఏది కావాలంటే అది నేర్చుకోవచ్చు. దానికి ఎదుగుదల గంట అని పేరు కూడా పెట్టింది. మనవాళ్ళు ఊరుకుంటారా? పొట్టిగా ఉండే గేటు బాబాయిని పట్టుకుని, "నువ్వు వారానికి రెండు గంటలు తీసుకో బాబాయ్" అని ఏడిపించారు.

వేళాకోళం ఎంత ఆడినా ఆ గంట మంచిదే. కళ్ళారా చూసినదాన్ని, కాదంటే నా కళ్ళు పోతాయి. ఫోన్లెత్తే పిల్ల ఒకతి ఆ గంటలోనే కంప్యూటరు నేర్చుకుని, చదువు పూర్తి చేసి, ఇవాళ ఉద్యోగుల వ్యవహారాలన్నీ చూసే ఆఫీసరయింది. ఇప్పుడు ఆమెను చిన్న మేడమ్ అంటాం. స్టోరులో అట్టపెట్టెలు మోసేవాడు లెక్కల్లోకి వెళ్ళాడు. నేను కూడా వెళ్ళాను, పాటకు. మా పాటల మాస్టరు నా గొంతు విన్న మూడో వారానికే జలుబని రావడం మానేశాడు. ఆయనకు జలుబు, నాకు చదువు, రెండూ అక్కడితో సరి.

అయితే ఫ్యాక్టరీలో కుర్చీ ఖాళీగా ఉండటానికి వీల్లేదు. ఫోను మోగితే ఎవరో ఒకరు ఎత్తాలి, మిషన్ తిరుగుతుంటే ఎవరో ఒకరు చూడాలి, గేటు దగ్గర మనిషి ఉండాలి. అందుకని పెద్ద మేడమ్ ఒక బదులు మనిషిని పెట్టింది. ఎవరు పైకి నేర్చుకోవడానికి వెళితే వాళ్ళ స్థానంలో ఆ గంటసేపు కూర్చోవడమే ఆ మనిషి ఉద్యోగం. ఓపికుంది, కాదనడం తెలియదు, ఏ పనైనా చూస్తే పట్టుకుంటుంది అని మా వదినను ఎంచారు. ఆ రోజు ఆమె ఎంత మురిసిపోయిందో! "మేడమ్ అంతమందిలో నన్ను పిలిచింది వదినా" అని చెప్పింది. నేనూ సంబరపడ్డాను. బుర్రలో గుజ్జుంటే ఆ రోజే అడిగేదాన్ని, మరి నీ గంట ఎప్పుడే అని.

ఆ రోజునుంచి ఆమెకు స్టూలు పోయింది. పొద్దున్నే గేటు దగ్గర, తర్వాత స్టోరులో, భోజనాల వేళ ఫోన్ల గదిలో, సాయంత్రం పాలిష్ మిషన్ల దగ్గర. చేతిసంచీలో నీళ్ళ సీసా, దువ్వెన, ఒక పల్చని శాలువా. అవి పెట్టుకోవడానికి సొరుగు లేక రోజంతా సంచీ భుజానే. ఎక్కడ కూర్చున్నా ఆ కుర్చీ ముందే వెచ్చగా ఉండేదట. "ఎవరో లేచిన వెచ్చదనం వదినా. మొదట్లో బాగుండేది. ఇప్పుడు ఒళ్ళు జలదరిస్తుంది" అనేది. బల్లల మీద వేరేవాళ్ళ పిల్లల ఫొటోలు. ఫోనెత్తితే అవతలివాళ్ళు వేరే మనిషి అనుకుని కబుర్లు మొదలుపెట్టేవాళ్ళు. కాదండీ, నేను వేరే అని చెప్పేలోపే సగం కష్టాలు చెప్పేసేవాళ్ళు. ఇక ఆమె కూడా ఊఁ కొడుతూ వినేది.

నేను పాటకు వెళ్ళిన ఆ మూడు వారాలూ నా గరిటె పట్టుకున్నది ఆమే. ఆ మూడు రోజులూ కూర బ్రహ్మాండంగా ఉందని నా మొహం మీదే అన్నారు దుర్మార్గులు. "ఏమే, నా ఉద్యోగానికి ఎసరు పెడుతున్నావా?" అన్నాను. ఆమె నవ్వింది. ఆమె నవ్వు చాలా చిన్నది, ఎవరిదో వాడుకుని మళ్ళీ జాగ్రత్తగా తిరిగి ఇచ్చేస్తున్నట్టు ఉండేది.

ఆమె ఉండేది తాళంచెవులు కోసే దుకాణం మీద ఒక గదిలో. తల్లి ఉన్నన్నాళ్ళు తల్లీకూతుళ్ళు ఉండేవాళ్ళు. తల్లి పోయాక ఒక్కతే. చెల్లెలు వేరే ఊళ్ళో, తన సంసారం తనది. ఒకరోజు గిన్నెలు తోముతూ, "ఇంటికి వెళ్ళి ఏం చేస్తావే?" అని అడిగాను.

"తాళం తీస్తాను. లోపలికి వెళ్ళి గడియ పెట్టుకుంటాను. అంతే వదినా" అంది.

నేను వెనక్కి తిరగలేదు. తిరిగితే ఏడుపొచ్చేలా ఉంది. అందుకే, "ఆ రెండు పనులకే అలసిపోతావు కాబోలు, పాపం" అన్నాను. ఆమె నవ్వి పళ్ళెం తెచ్చి తొట్టిలో పెట్టింది.

అలా ఉండగా పార్సిళ్ళ బల్ల దగ్గరి తాతయ్యకు రిటైర్మెంటు వచ్చింది. కళ్ళద్దాల డబ్బాలు ఏ ఊరికి ఏ దుకాణానికి వెళ్ళాలో చూసి, చీటీలు అంటించి పంపే పని ఆయనది. కిటికీ పక్కన పాత కుర్చీ, కింద సొరుగు, సొరుగుకు తాళం. ఆ చోటు ఖాళీ అవుతోందని నోటీసు అంటించారు. మన ఫ్యాక్టరీలోవాళ్ళకే ఇస్తాం, ఎవరైనా అడగవచ్చు అని.

ఆ మధ్యాహ్నం ఆమె తినడం ఆపి కూర్చుంది.

"ఏమైందే? ఉప్పెక్కువైందా?"

"వదినా, ఆ బల్ల నాకిస్తారంటావా?"

అన్నేళ్ళలో ఆమె నోటినుంచి ‘నాకు’ అన్న మాట వినడం అదే మొదలు. "అడగందే అమ్మయినా పెట్టదే పిచ్చిమొహమా! వెళ్ళి అడుగు" అన్నాను.

"అందరి కుర్చీల్లోనూ కూర్చున్నాను. ఏదీ నాది కాదు. గంట అవగానే వాళ్ళొచ్చి నిలబడతారు, నేను లేస్తాను. నేనే కూర్చుని, నేనే లేచి, మళ్ళీ నేనే వచ్చి కూర్చునే చోటు ఒకటి ఉంటే చాలు. పొద్దున వెళ్ళగానే అక్కడ కూర్చోవాలి, ఎవరైనా నన్ను వెతకాలంటే అక్కడికి రావాలి. అంతకంటే ఏం వద్దు."

చిన్న మేడమ్ దగ్గరికి నేనే తోలాను. చిన్న మేడమ్ ఎంత ప్రేమగా మాట్లాడిందో! "నీకు కాకపోతే ఇంకెవరికక్కా? నేను ఇంతదాన్నయ్యానంటే నువ్వు నా ఫోన్ల దగ్గర కూర్చోబట్టే" అందట. ఇంటర్వ్యూ తేదీ కూడా చెప్పింది. పోటీకి ఇంకో మనిషి ఒక్కతే, ఇప్పుడు ఫోన్లు ఎత్తే పిల్ల. మంచి పిల్లే, ఎవరినీ ఏమీ అనదు. ఫోన్ల గది చీకటిగా ఉందని ఆమెకూ కిటికీ మీద కన్ను పడింది.

ఇంటర్వ్యూ రోజు బదులక్క ఇస్త్రీ బట్టలు కట్టుకుని, జుట్టు నున్నగా దువ్వుకుని వచ్చింది. పొద్దున్నే క్యాంటీన్లోకి వచ్చి, "బాగున్నానా వదినా?" అంది. "పెళ్ళికూతురిలా ఉన్నావు, దిష్టి తగులుతుంది, ఫో" అన్నాను. చేతిసంచీ నా దగ్గర వదిలేసి వెళ్ళింది. అలా భుజం ఖాళీగా ఆమెను చూసి ఎన్నేళ్ళయిందో!

మొదట ఫోన్ల పిల్లను, తర్వాత ఈమెను పిలుస్తామన్నారు. పెద్ద మేడమ్, చిన్న మేడమ్, లెక్కలాయన, ముగ్గురూ పైన కూర్చున్నారు. నేను కూరగాయలు తరుగుతున్నాను గానీ ప్రాణమంతా పైనే ఉంది. కాసేపటికి ఫోన్ల పిల్ల గెంతుకుంటూ వచ్చింది.

"పెద్దమ్మా, టీ ఇయ్యవా? అబ్బ, అయిపోయింది! బాగానే చెప్పాను."

"సంతోషం. ఫోన్ల దగ్గర ఎవరున్నారే?"

"అక్క ఉందిగా."

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. "ఏ అక్కే?"

"మన బదులక్కే పెద్దమ్మా. ఇంటర్వ్యూకి వెళ్ళాలి, ఒక్క పావుగంట కూర్చో అక్కా అన్నాను. కూర్చుంది." అంటూనే ఆ పిల్ల మొహం మాడిపోయింది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. "అయ్యో! తర్వాత ఆవిడదే కదూ!"

కుళ్ళు బుద్ధితో చేసినది కాదు, ఒట్టేసి చెబుతాను. లేచి వెళ్ళేటప్పుడు బదులక్కను పిలవడం మా అందరికీ అలవాటు. ఎక్కడికి వెళుతున్నామో, ఆమె ఎక్కడికి వెళ్ళాలో చూసే అలవాటు మాత్రం ఎవరికీ లేదు. ఇక ఆ మహాతల్లి! పోటీకి వెళ్ళే మనిషి, నువ్వు నా బదులు కూర్చో అంటే, కూర్చుందండీ! మొహమాటానికి పోతే కడుపైందని ఊరికే అన్నారా? కత్తిపీట పక్కకు తోసి, ఆ పిల్లను రెక్క పట్టుకుని ఫోన్ల గదికి పరిగెత్తాను.

ఆమె ఫోను చెవికి పెట్టుకుని కూర్చుని ఉంది. ఫోను పెట్టేసి నావైపు చూసింది.

"పైనుంచి చేశారు వదినా. బదులక్కను పైకి పంపమన్నారు."

"మరి వెళ్ళవేమే?"

"ఎవరూ లేరు కదా, ఫోన్లు ఎలా వదిలిపెట్టను? అదే చెప్పాను. నేనే మాట్లాడుతున్నాను, కుర్చీ వదిలి రాలేను అన్నాను. సరే అక్కా, ఫర్వాలేదు, నువ్వు ఉండు అంది చిన్న మేడమ్."

"ఫర్వాలేదు అందా? ఎవరికి ఫర్వాలేదట?" అని అరిచాను. ఫోన్ల పిల్లను కుర్చీలో కుదేసి, వదిన చెయ్యి పట్టుకుని మెట్లెక్కించాను. సగం మెట్ల మీదే పెద్ద మేడమ్ దిగుతూ ఎదురైంది, వెనకే చిన్న మేడమ్, లెక్కలాయన. ఎక్కడికో వెళ్ళాలట, బయట కారు సిద్ధంగా ఉంది.

"మేడమ్, ఈమె ఇంటర్వ్యూ కాలేదు" అన్నాను.

పెద్ద మేడమ్ ఆగింది. బదులక్క భుజం మీద చెయ్యి వేసింది. నిజంగానే ప్రేమతో వేసింది, అదే నాకు కడుపులో మండింది. "మేం ముగ్గురం నీ గురించే మాట్లాడుకున్నాం. నిన్ను ఆ బల్ల దగ్గర కూర్చోబెడితే వీళ్ళందరి గంట ఏమవుతుంది? ఇంతమంది ఎదిగారంటే నీ వల్లే. నీలాంటి మనిషి మళ్ళీ దొరకదు" అంది.

"నిజం అక్కా, నువ్వు లేకపోతే మేమేమైపోతాం!" అంది చిన్న మేడమ్.

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అని నాలుక చివరిదాకా వచ్చింది. ఇంతలో వదినే నోరు తెరిచింది.

"నాకొక కుర్చీ కావాలి మేడమ్" అంది. "నాదని చెప్పుకునేది. మళ్ళీ మీరు నన్ను ఎక్కడికి పంపినా పోతాను. కాకపోతే మళ్ళీ అక్కడికే వస్తాను."

పెద్ద మేడమ్ కళ్ళు కూడా చెమ్మగిల్లాయి. "ఆలోచిస్తాను. తప్పకుండా ఆలోచిస్తాను" అని దిగి వెళ్ళింది.

ఆలోచించారు. బల్ల ఫోన్ల పిల్లకు ఇచ్చారు. ఫోన్ల దగ్గరికి బయటినుంచి ఒక కొత్త పిల్లను తెచ్చారు. ఆ పిల్లకు పని నేర్పమని బదులక్కకే చెప్పారు. ఆమె నేర్పింది. ఆ పైన ఆమెను పొగుడుతూ ఒక పలక చేయించి ఇచ్చారు, అది నా క్యాంటీన్ గోడకు తగిలించమన్నారు. నేను మేకు లేదన్నాను.

ఆ తర్వాత ఆమె భోజనానికి వచ్చేది గానీ కబుర్లు తగ్గిపోయాయి. "వాళ్ళ మీద ఒకసారి అరిచి చూడవే, నేను వెనక ఉంటాను" అన్నాను. "అరిస్తే ఎవరి కుర్చీలోంచి అరవను వదినా?" అంది. సంచీ మళ్ళీ భుజానికి ఎక్కింది.

కొన్నాళ్ళకు మేడమీది హాలుకు రంగులు వేయడం మొదలుపెట్టారు. ఆ వారం క్లాసులు లేవు. ఎవరూ పైకి వెళ్ళరు కాబట్టి ఎవరికీ బదులు అక్కర్లేదు. మొదటిరోజు ఆమె భోజనానికి రాలేదు. ఎక్కడో ఏదో పని చెప్పి ఉంటారనుకుని పళ్ళెం తీసేశాను. రెండోరోజూ మూత తీసి చూస్తే అన్నం అలాగే ఉంది. గేటు దగ్గరికి వెళ్ళి బాబాయిని అడిగాను.

"బదులక్కా? ఫోన్ల దగ్గరుందేమో" అన్నాడు.

ఫోన్ల దగ్గర కొత్త పిల్ల, "స్టోరులో ఉంటుంది కదండీ" అంది. స్టోరువాళ్ళు పాలిష్ హాల్లో ఉందన్నారు. పాలిష్ హాలువాళ్ళు పైన రంగుల పని చూస్తోందేమో అన్నారు. చిన్న మేడమ్ కంప్యూటర్లోంచి తల తిప్పకుండానే, "ఇక్కడే ఎక్కడో ఉంటుంది పెద్దమ్మా" అంది. మనిషి రెండురోజులుగా రాలేదు, ఫ్యాక్టరీలో ఒక్కరికి తెలియదు! ఎవరు రాకపోయినా ఒక కుర్చీ ఖాళీగా కనబడుతుంది, ఎవరో ఒకరు అడుగుతారు. ఆమె రాకపోతే అన్ని కుర్చీలూ నిండుగానే ఉన్నాయి. నాకు తెలుసు, నేనూ మొదటిరోజు అలాగే అనుకున్నాను. నామీద నాకే కోపం వచ్చి, పొయ్యి ఆర్పి, చెప్పకుండా బయటికి నడిచాను.

తాళాల దుకాణం అతను నన్ను చూసి, "కిందికి దిగడం లేదమ్మా రెండురోజులుగా, జ్వరమనుకుంటా" అన్నాడు. మెట్లెక్కి తలుపు బాదాను. చాలాసేపటికి గడియ తీసింది. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. గదిలో ఒక మంచం, ఒక గ్యాసు పొయ్యి, గోడకు తల్లి ఫొటో, కిటికీ కింద పాత ప్లాస్టిక్ కుర్చీ మీద మడతపెట్టిన బట్టలు. ఏడాదిగా ఎవరూ కూర్చోనట్టు ఉంది ఆ కుర్చీ. బట్టలు తీసి మంచం మీద పెట్టి, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాను. దుకాణం అతన్ని పంపి మాత్రలు తెప్పించాను. కాస్త గంజి కాచి పట్టాను. సగం తాగి, నా చెయ్యి పట్టుకుంది.

"వదినా."

"ఊఁ."

"ఎవరైనా అడిగారా?"

నా నోరు ఎలాంటిదో ఫ్యాక్టరీ అంతటికీ తెలుసు. ఒకరి మెప్పు కోసం గానీ, ఓదార్పు కోసం గానీ అబద్ధం చెప్పి ఎరగను. ఆమె మొహం చూశాను. పెదాలు ఎండిపోయి ఉన్నాయి, కళ్ళు నా నోటి మీదే ఉన్నాయి.

"అడగకేం? అడిగారు" అన్నాను.

"ఎవరు?"

"గేటు బాబాయి. పొద్దున్నే నేను అడుగు పెట్టగానే, మన బదులక్క ఏదమ్మా, రెండురోజులుగా గేటు బోసిపోయింది అన్నాడు."

ఆమె కళ్ళు మూసుకుంది. "ఇంకా?"

"ఫోన్ల కొత్తపిల్ల. అక్క లేకపోతే నాకు చెయ్యి ఆడటం లేదు పెద్దమ్మా అంది. దొంగమొహం, ఏడ్చింది కూడా."

"ఇంకా?"

"స్టోరువాళ్ళు. పాలిష్ హాల్లోవాళ్ళందరూ. పాత మిషన్ దగ్గర నీ స్టూలు తుడిచి పెట్టారట, వస్తే కూర్చుంటుందని. చిన్న మేడమ్ అయితే పని ఆపేసి వెతకడానికి లేచింది."

నా మాట నమ్మలేదని నాకు తెలుసు. నాకు తెలుసని ఆమెకూ తెలుసు. చెయ్యి మాత్రం వదల్లేదు. కింద తాళంచెవులు కోసే మిషన్ గరగరమంటోంది.

"ఇంకా?" అంది.

పెద్ద మేడమ్ అడిగిందన్నాను, లెక్కలాయన అడిగాడన్నాను, పార్సిళ్ళ బల్ల పిల్ల అడిగిందన్నాను, రిటైరైపోయిన తాతయ్య కూడా ఫోన్ చేసి అడిగాడన్నాను. ఇక ఎవరూ మిగల్లేదు. ఆమె నిద్రపోయిందేమోనని మెల్లగా చెయ్యి తీయబోయాను. వేళ్ళు బిగిసాయి.

"ఇంకా?"

మళ్ళీ గేటు బాబాయి దగ్గర్నుంచి మొదలుపెట్టాను.